కీ తిప్పితే కూయాలి

ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నేను కాకినాడ జగన్నాథపురంలో బోటు ఇంజన్లు బాగుచేసే మెకానిక్‌ని. 27 ఏళ్లుగా ఇదే పని. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం. సముద్రానికి అవి సెలవు రోజులేమో గానీ మాకు అన్నం తినే తీరిక దొరకని రోజులు. కుంభాభిషేకం రేవులో ఎటు చూసినా పనే. ఒకరు హెడ్డు దించుతుంటారు, ఒకరు చెక్క మారుస్తుంటారు, ఒకరు అడుగున రంగు కొడుతుంటారు, నీడ పట్టున కూర్చుని వల బాగుచేసేవాళ్లు బాగుచేస్తుంటారు. ఇంత సందడిలోనూ ఎవరి చెయ్యీ పడని వస్తువు ఒకటుంది. అగ్గిపెట్టెంత ఉంటుంది. కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. ఈ ఉత్తరం దాని గురించే.

దాన్ని ఇంజన్ వార్నింగ్ హారన్ అంటారు. మా వాళ్లు బజర్ అంటారు. మంచులో ఎదుటి బోటుకు వినిపించాలని కొట్టే పెద్ద హారన్ వేరు, ఇది వేరు. ఇంజన్‌లో ఆయిల్ ప్రెషర్ పడిపోయినా, చల్లబరిచే నీళ్లు మితిమీరి కాగినా బోటు నడిపే సరంగు చెవి దగ్గర కీచుమని కూసేది ఇది. దీన్ని వేట నిషేధం రోజుల్లోనే ప్రతి బోటులో మోగించి చూడాలని, ఆ పని మీ శాఖ దగ్గరుండి చేయించాలని అడగడానికి రాస్తున్నాను.

అడిగే ముందు నా తప్పు ఒప్పుకోవాలి.

తొమ్మిదేళ్ల కిందట, కార్తీక మాసం. ఒక బోటు బయల్దేరబోతోంది. ఐసు ఎక్కించారు, డీజిల్ నింపారు, బియ్యం, నీళ్లు లోపల సర్దుకున్నారు. ఇంజన్ స్టార్ట్ చేస్తే హారన్ ఆగకుండా మోగుతోంది. నన్ను పిలిచారు. వేరే గేజి బిగించి చూశాను. ఆయిల్ ప్రెషర్ బాగానే ఉంది. ఆయిల్ స్విచ్ లోపల అతుక్కుపోయింది, అంతే. అదే రకం స్విచ్ ఆ పూట కొట్టులో లేదు. "బావా, ఆ కూత ఆపెయ్యి, తల బద్దలైపోతోంది" అన్నాడు సరంగు. డాష్ బోర్డు వెనక చెయ్యి పెట్టి హారన్ వైరు పీకేశాను. కొసకు టేపు చుట్టి పైకి కట్టేశాను. వచ్చాక స్విచ్ మారుద్దాంలే అన్నాను.

నాలుగో రోజు రాత్రి సముద్రపు నీళ్లు తోడే పంపులో రబ్బరు ఇంపెల్లర్ రెక్కలు తెగిపోయాయి. నీళ్లు రావడం ఆగింది. ఇంజన్ కాగిపోతోందని టెంపరేచర్ స్విచ్ పసిగట్టే ఉంటుంది. కానీ ఆ ఇంజన్‌లో ఆయిల్ స్విచ్‌కీ టెంపరేచర్ స్విచ్‌కీ కలిపి హారన్ ఒక్కటే. చెడిపోయిన స్విచ్ నోరు మూయిస్తున్నాననుకుని, బాగున్న స్విచ్ నోరు కూడా మూయించేశాను. అప్పుడే వల పైకి తీస్తున్నారు. అందరి కళ్లూ వించి మీద, తాళ్ల మీద ఉన్నాయి. గేజి ముల్లు ఎర్ర గీత దాటిన సంగతి ఎవరూ చూడలేదు. ఇంజన్ గొంతు మారాక గానీ సరంగుకు తెలియలేదు. అప్పటికే పిస్టన్ పట్టేసింది.

కార్తీకంలో మన తీరం పొడుగునా నీటి లాగుడు దక్షిణానికి ఉంటుంది. బోటు రాత్రంతా అంతర్వేది వైపు కొట్టుకుపోయింది. తెల్లారాక ఇంకో బోటు వాళ్లు చూసి తాడేసి లాక్కొచ్చారు. బోటులో ఉన్న ఏడుగురూ క్షేమంగా వచ్చారు. చేప పాడైంది, ఇంజన్‌కు లక్షల్లో ఖర్చయింది. యజమాని నన్ను పల్లెత్తు మాట అనలేదు. "నీళ్ల పంపు పోతే నువ్వేం చేస్తావు" అన్నాడు. టేపు చుట్టిన వైరు సంగతి ఆయనకు నేను చెప్పలేదు. ఇవాళ అందరి ముందూ చెబుతున్నాను.

అప్పటి నుంచి నాకొక అలవాటు పట్టుకుంది. ఏ పని మీద ఏ బోటు ఎక్కినా ముందు కీ తిప్పి వింటాను. నేను ఎక్కిన బోట్లలో కూసినవాటి కన్నా కూయనివే ఎక్కువ. కొన్నిటిలో నాలాంటివాడెవడో వైరు పీకేసి ఉంటాడు. కొన్నిటిలో ఉప్పు గాలికి రాగి వైరు లోపలంతా చిలుము పట్టి పచ్చగా అయిపోయి ఉంటుంది. పైన తొడుగు నిగనిగలాడుతూనే ఉంటుంది. పట్టుకుని లాగితే పుల్లలా విరుగుతుంది. ఇంకొన్నిటిలో పాత లారీ ఇంజన్ తెచ్చి బోటుకు బిగించుకున్నారు. ఇంజన్ వచ్చింది గానీ దాని ప్యానెల్ రాలేదు. అంటే హారన్ మొదటి నుంచీ లేదు. ఉందని సరంగు నమ్మకం!

చిక్కంతా ఇక్కడే ఉంది. లైటు వెలగకపోతే రాత్రికి తెలిసిపోతుంది. వించి తిరగకపోతే వల దగ్గర తెలిసిపోతుంది. హారన్ పాడైతే మాత్రం తెలియదు, ఎందుకంటే బాగున్న హారన్ కూడా రోజంతా చప్పుడు చెయ్యదు. మోగించి చూస్తే తప్ప ఆ రెంటికీ తేడా పట్టుకోలేం.

అసలు అది ఎక్కడుంటుందో తెలియనివాళ్లు చాలామంది ఉన్నారు. లోపల ఇంజన్ ఉన్న మరబోట్లలో సాధారణంగా వీల్ హౌస్‌లో గేజీలున్న ప్యానెల్ వెనక ఉంటుంది. నల్ల ప్లాస్టిక్ డబ్బీ, రెండు వైర్లు. కొన్ని ప్యానెళ్లలో విడిగా కనబడదు, లోపలి బోర్డు మీదే బొత్తాం అంత ఉంటుంది. వెనక తగిలించుకునే అవుట్‌బోర్డ్ ఇంజన్లకు రిమోట్ కంట్రోల్ ఉంటే, గేరు వేసే ఆ పెట్టెలోనో, డాష్ కిందనో ఉంటుంది. చేత్తో తిప్పే కర్ర ఉన్న ఇంజన్‌కైతే పైమూత కిందే ఉంటుంది. కంటికి దొరక్కపోతే చెవితో వెతకాలి. ఒకరు కింద మోగిస్తుంటే ఇంకొకరు ప్యానెల్ వెనక తడమాలి. అదిరేదే హారన్. అప్పటికీ మోగకపోతే ఇంజన్ దిమ్మె మీద స్విచ్ దగ్గర మొదలుపెట్టి వైరు పట్టుకుని పైకి రావాలి. వైరు ఎక్కడ తెగిందో, ఎవరు టేపు చుట్టారో దారిలోనే కనిపిస్తుంది.

వైరు పట్టుకునే ముందు స్విచ్ ఏదో, సెండర్ ఏదో తేల్చుకోవాలి. గేజి ముల్లును కదిపేది సెండర్. హారన్‌ను మోగించేది స్విచ్. కొన్ని ఇంజన్లలో అవి వేర్వేరుగా ఉంటాయి, కొన్నిటిలో రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి. అలా కలిసి ఉన్నవాటి మీద చాలావరకు గేజి వైపు 'జి' అనీ, హారన్ వైపు 'డబ్ల్యూకే' అనీ ఇంగ్లీషు అక్షరాలు కొట్టి ఉంటాయి. ఈ రెండు వైర్లూ తారుమారు చేసి బిగించిన బోట్లు నేను చూశాను. గేజి సరిగా చూపదు, హారన్ సరిగా కూయదు. తప్పంతా ఇంజన్ మీద పడుతుంది.

ఇక పరీక్ష. మొదటిది పిల్లాడైనా చెయ్యగలడు. ఇంజన్ ఆపి ఉండగా కీ ఆన్ చెయ్యాలి, సెల్ఫ్ కొట్టకూడదు. ఇంజన్ తిరగడం లేదు కాబట్టి ఆయిల్ ప్రెషర్ సున్నా. ఆయిల్ స్విచ్ ప్రెషర్ లేనప్పుడు కలిసి ఉంటుంది, వచ్చాక విడిపోతుంది. కాబట్టి కీ తిప్పగానే హారన్ కూయాలి. ఇంజన్ అందుకున్నాక కొద్ది క్షణాల్లో ఆగాలి. కంప్యూటర్ బోర్డు ఉన్న కొత్త ఇంజన్లు ఒక్కసారి కీచుమని ఊరుకుంటాయి, అది వాటి పద్ధతి. హారన్‌కు ఆయిల్ స్విచ్ కలపని ఇంజన్లూ కొన్ని ఉన్నాయి. అందుకే కంపెనీ ఇచ్చిన పుస్తకం ఒకసారి తిరగెయ్యాలి.

మొదటి పరీక్షలో పాసైతే చాలామంది అక్కడితో ఆగిపోతారు. అది సగమే. ఆయిల్ వైపు దారి బాగుందని తేలింది, వేడి వైపు సంగతి ఇంకా తేలలేదు. టెంపరేచర్ స్విచ్ చల్లగా ఉన్నప్పుడు విడిపోయి ఉంటుంది, వేడెక్కితేనే కలుస్తుంది. కీ తిప్పినంత మాత్రాన దాని జాడ తెలియదు. రెండో పరీక్ష దానికోసం. కీ ఆన్‌లో ఉంచి, టెంపరేచర్ స్విచ్ మీది వైరు ఊడదీసి ఇంజన్ ఇనుముకు తాకించాలి. హారన్ కూస్తే అక్కడి నుంచి పైదాకా వైరు బాగున్నట్టే. కొన్ని మెరైన్ ఇంజన్లలో ఇనుముకు ఎర్త్ ఉండదు, మైనస్ కూడా విడి వైరు మీదే నడుస్తుంది. అలాంటి స్విచ్‌కు రెండు వైర్లుంటాయి. ఆ రెంటినీ ఒకదానికొకటి తాకించాలి.

ఇంతవరకూ వైరునూ హారన్‌నూ చూశాం. స్విచ్ మిగిలింది. దాన్ని ఇంజన్ చల్లారాకే విప్పాలి. వేడి మీద విప్పితే పొంగిన నీళ్లు మొహాన కొడతాయి. మా షెడ్డులో ఈ పరీక్షకు టీ గిన్నె వాడతాం. గిన్నెలో నీళ్లు పోసి, స్విచ్ అడుగు తాకకుండా తీగతో వేలాడదీసి, పక్కనే థర్మామీటర్ పెట్టి పొయ్యి మీద కాస్తాం. మల్టీమీటర్ ముళ్లు స్విచ్‌కు పెట్టి ఉంచితే, దాని మీద రాసిన వేడి దగ్గరకు రాగానే మీటర్ పలుకుతుంది. చాలా స్విచ్‌లు 95 డిగ్రీలకు అటూ ఇటూగా కలుస్తాయి కాబట్టి నీళ్లు సరిపోతాయి. నీళ్లు తెర్లుతున్నా మీటర్ పలక్కపోతే, దాని మీద నూరుకు లోపు అంకె ఉంటే, ఆ స్విచ్ పనికిరాదు.

కీ తిప్పినా, వైరు తాకించినా హారన్ ఉలక్కపోతే వరస తప్పకుండా వెతకాలి. ముందు హారన్‌ను విడిగా తీసి బ్యాటరీకి పెట్టి చూడాలి. బోటు 12 వోల్టులా 24 వోల్టులా చూసుకోవాలి, 12 వోల్టుల హారన్‌కు 24 ఇస్తే కాలిపోతుంది. ప్లస్, మైనస్ తారుమారైతే బాగున్న బజర్ కూడా కూయదు. హారన్ మంచిదైతే, కీ ఆన్ చేసినప్పుడు దాని ప్లస్ దగ్గరికి కరెంటు వస్తోందా చూడాలి. రాకపోతే ఫ్యూజు, కీ స్విచ్. వస్తుంటే రెండో వైరు కొసను మైనస్‌కు తాకించాలి. అక్కడ కూసి, ఇంజన్ దగ్గర తాకిస్తే కూయలేదంటే మధ్యలో వైరు పోయింది. పాతదానికి అతుకులెయ్యకుండా కొత్త వైరు లాగాలి, అది కూడా కళాయి పూసిన రాగి వైరైతే ఉప్పుకు తట్టుకుంటుంది.

ఆఖరి పరీక్ష అందరూ మరిచిపోతారు. జెట్టీ దగ్గర ఇంజన్ ఆపి ఉన్నప్పుడు వినబడేది సముద్రం మీద వినబడుతుందా? ఇంజన్ ఫుల్లుగా తిరుగుతుంటే, తలుపులు తీసి ఉంటే, పాటల పెట్టె మోగుతుంటే వినబడాలి. వినబడకపోతే పెద్ద హారన్ పెట్టుకోవాలి, పక్కన ఎర్ర లైటు కూడా. కానీ లారీ హారన్ తెచ్చి నేరుగా ఆయిల్ స్విచ్‌కు తగిలించకూడదు. అంత కరెంటుకు ఆ చిన్న స్విచ్ లోపలి ముళ్లు కాలి అతుక్కుపోతాయి. మధ్యలో రిలే పెట్టాలి.

ఇంత చెప్పాను కదా అని హారన్ ఉంటే అన్నీ ఉన్నట్టు కాదు. ఇంజన్‌లో నీళ్లు పూర్తిగా కారిపోతే టెంపరేచర్ స్విచ్ గాలిలో నిలబడుతుంది, చుట్టూ ఇనుము కాగుతున్నా అది ఆలస్యంగా పసిగట్టొచ్చు. అందుకే సరంగు పొద్దునా సాయంత్రం నీళ్ల మట్టం, ఆయిల్ పుల్ల చూడక తప్పదు, పక్క గొట్టంలోంచి సముద్రపు నీళ్లు బయటికి పడుతున్నాయా అని తొంగిచూడక తప్పదు.

గేజి ఉందిగా, హారన్ దేనికి అనేవాళ్లు రేవులో చాలామంది ఉన్నారు. గేజి చూసేవాడికే చెబుతుంది. వల లాగే వేళ, అర్ధరాత్రి, వానలో సరంగు కళ్లు గేజి మీద ఉండవు, ఉండకూడదు కూడా. మా సరంగులు ఇంజన్ చప్పుడు విని జబ్బు చెప్పేస్తారు అని ఇంకొందరంటారు. నిజమే, అంత మంచి చెవులున్నవాళ్లు ఉన్నారు. కానీ ఇంజన్ గొంతు మారేది లోపల బేరింగో పిస్టనో దెబ్బతిన్నాక. హారన్ కూసేది దానికి ముందు. ఆ మధ్యలో ఉండే కొద్ది నిమిషాల్లోనే ఇంజన్ దక్కడమో పోవడమో తేలుతుంది.

బోట్ల భద్రతకు ఏమీ జరగడం లేదని అనను. 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రధాని కొత్త ట్రాన్స్‌పాండర్ల పథకం ప్రారంభించారు. 13 తీర రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో లక్ష బోట్లకు వాటిని బిగించాలన్నది లక్ష్యం. ఆపదలో ఉన్నామని ఉపగ్రహం ద్వారా ఒడ్డుకు కబురు పంపొచ్చు. చాలా మంచి పని. ఫోన్ అందే చోట కోస్ట్ గార్డ్ 1554 నంబరు కూడా ఉంది. అయితే ఇవన్నీ ఆపద వచ్చాక పనికొచ్చేవి. ఉపగ్రహంతో మాట్లాడే బోటులో, ఆరడుగుల కిందున్న ఇంజన్ మాట పైన సరంగుకు చేరకపోతే ఎలా?

కమిషనర్ గారూ, నేను అడిగేవి నాలుగే.

ఒకటి. మీ శాఖవాళ్లు బోట్లు చూడటానికి వచ్చినప్పుడు వాళ్ల చేతిలో కాగితం ఉంటుంది. అందులో ఒక్క వరస చేర్చండి: 'కీ తిప్పితే హారన్ మోగిందా? టెంపరేచర్ వైరు తాకిస్తే మోగిందా?' హారన్ ఉందా అని మాత్రం అడగవద్దు. ఉంది అనే అంటారు. మోగించి వినమనండి. బోటుకు ఐదు నిమిషాలు చాలు.

రెండు. వేట నిషేధం రోజుల్లోనే విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల్లో ఒక్కోచోట శిబిరం పెట్టించండి. కాకినాడలో మన రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది. విశాఖలో కేంద్రం నడిపే సిఫ్‌నెట్ శాఖ ఉంది. మెరైన్ ఫిట్టర్ కోర్సు నడిపే సంస్థ అది. అక్కడి పిల్లలకు పని అబ్బుతుంది, మా బోట్లకు పరీక్ష జరుగుతుంది. మా వంటి మెకానిక్‌లను పిలిస్తే కూలి అడగకుండా వస్తాం.

మూడు. వీల్ హౌస్‌లో అతికించడానికి తెలుగులో చిన్న కాగితం అచ్చువేయించండి. హారన్ మోగగానే ఏం చెయ్యాలో నాలుగు ముక్కలు: ముందు గేజీలు చూడు. ఆయిల్ ప్రెషర్ పడితే వెంటనే ఇంజన్ ఆపు. వేడి అయితే జోరు తగ్గించు, నీళ్ల జల్లెడకు ప్లాస్టిక్ సంచి అడ్డం పడిందేమో చూడు. వేడి మీద మూత విప్పకు. బోటు గట్టు వైపో, ఓడల దారిలోకో కొట్టుకుపోతుంటే లంగరు వెయ్యి. హారన్ మోగితే కంగారులో వైరు పీకేవాడు దాన్ని చదివి చెయ్యి వెనక్కి తీసుకుంటాడని నా ఆశ.

నాలుగోది చాలా ముఖ్యం. దీన్ని శిక్షగా మార్చవద్దు. హారన్ మోగలేదని డీజిల్ సబ్సిడీ ఆపితే, తనిఖీ రోజు ఒక హారన్ తెచ్చి బిగిస్తారు, మర్నాడు విప్పి పక్క బోటుకు ఇస్తారు. ఆ విద్యలన్నీ మాకు తెలుసు. మోగని బోటుకు వారం గడువివ్వండి, మళ్లీ వచ్చి వినండి.

బోటు యజమానులకూ ఒక మాట. నిషేధం రోజుల్లో ఇంజన్‌కు పెట్టే ఖర్చులో హారన్, రెండు స్విచ్‌లు, వైరు ఎంత? ఆయిల్ మార్చిన ఖర్చంత కూడా కాదు. మీరు ఒడ్డున ఉంటారు, కలాసీలు లోపల ఉంటారు. వాళ్ల కోసమైనా పెట్టించండి.

తోటి మెకానిక్‌లకు చెప్పేది ఇంకా సూటిగా చెబుతాను. హారన్ ఊరికే మోగుతుంటే స్విచ్ మార్చండి. స్విచ్ దొరక్కపోతే ఆ ఒక్క స్విచ్ వైరే ఊడదీయండి, హారన్‌ను ముట్టుకోవద్దు. ఊడదీసిన సంగతి సరంగుతో చెప్పండి, ప్యానెల్ మీద రాసి అంటించండి, స్విచ్ వచ్చేదాకా బోటు పంపకుండా ఉంటే మరీ మంచిది. నేను చెప్పలేదు, రాయలేదు, పంపేశాను.

అయ్యా, జూన్ 14 అర్ధరాత్రి దాటితే బోట్లన్నీ ఒక్కసారిగా కదులుతాయి. ఆ సాయంత్రం వీలు చూసుకుని ఏదో ఒక రేవుకు రండి. కొబ్బరికాయ కొట్టే ముందు ప్రతి బోటులో ఒకసారి కీ తిప్పించండి. కూయని బోటు దగ్గరికి నన్ను పిలవండి. కుంభాభిషేకం రేవులో మల్టీమీటర్, రెండు మూర్ల వైరు, అరడజను హారన్లు పట్టుకుని ఉంటాను.

ఇట్లు,
ఒక బోటు ఇంజన్ మెకానిక్,
జగన్నాథపురం, కాకినాడ.